కారణం అనే గడి

ముసఫ్ఫాల మూడో నంబరు క్యాంపు.
నేను మేస్త్రీని కాదు, కూలీని కాదు,
రిజిస్టర్ రాసేటోణ్ణి.
మెట్‌పల్లిల డిగ్రీ తప్పిన చేతికి
ఏసీ గది, నీలం పెన్ను ఇచ్చిండ్రు.

నోటీసు నాలుగు భాషల్ల అతికిస్తరు,
అండ్ల తెలుగు ఉండది.
రాత్రి రొట్టెలు కాలుతుంటె నేనే చదివి చెప్పేది:
రూముల పొయ్యి ముట్టిస్తె వంద.
మెట్ల కటకటాలకు లుంగీ ఆరేస్తె ఇరవై.
పది దాటినంక బల్బు వెలిగితె యాభై,
ఎవడు వెలిగించిండో తెల్వకపోతె అందరికీ యాభై.
బస్సుకు నాలుగు నిమిషాలు ఆలస్యమైతె
సగం దినం.

"తుమ్మితె ఎంత సారూ?" అనేటోడు పోశెట్టి.
"ఇంకా రాలె, వస్తది" అనేటోణ్ణి.
నవ్వుకునేటోళ్లం.
గుల్ జమాన్‌కు తెలుగు రాదు,
మా మొకాలు చూసి నవ్వేటోడు.

మా అవ్వ చెప్పేది,
దొరబిడ్డ సమర్తాడితె ఊరంత పన్ను కట్టిందట,
దొర గుర్రం కుంటితె కట్టిందట.
"గంత ఎడ్డోళ్లా, ఎట్ల కట్టిండ్రే?" అన్న.
అవ్వ తంబాకు దవడకు దోపుకొని
"ఒక్కొక్కటే వచ్చింది గద బిడ్డా" అన్నది,
"అన్నీ ఒక్కపారి వస్తె ఆ దినమే లేద్దుము."

ఒక్కొక్కటే వచ్చినయ్.
మార్చిల చల్లనీళ్ల మిషన్‌కు నెలకు పదిహేను.
ఏప్రిల్‌ల బస్సు కిరాయి.
మేల, మా పాస్‌పోర్టులు గుంజుకొని పెట్టిన బీరువాకు
తలా అరవై, భద్రత ఖర్చట.

జూలైల లింబాద్రి పైపుల యార్డుల పడిపోయిండు.
పన్నెండున్నరకు పని ఆగాలె,
ఆయన పన్నెండుంబావుకు పడ్డడు.
పెట్టె ఊరికి పోవుడుకు పంతొమ్మిది దినాలు పట్టింది.
ఆ పంతొమ్మిది దినాలకు
ఖాళీ మంచం కిరాయి కోసి
ఇంటికి లెక్క పంపింది ఆఫీసు.
రాసింది నేను.
పంతొమ్మిది ఆర్లు నూట పద్నాలుగు.
రెండుమార్లు చూసిన, లెక్క తప్పులేదు.

ఆ రాత్రి నోటీసు చదువుకుంట చదువుకుంట
అది కూడ నోట్లకెల్లి వచ్చేసింది.
పెనం మీద రొట్టె మాడింది.
ఎవ్వలు తియ్యలె.

తెల్లారి నాలుగూ నలభైకి ఆరు బస్సులు.
పోశెట్టి బస్సు మెట్టు దాక పోయి
మోకాలు పట్టుకొని కింద కూసున్నడు.
ఆ మోకాలు ఆర్నెల్ల సంది గుంజుతుంది, నాకెరుక.
ఎనకున్న గుల్ జమాన్‌కు ఎరుక లేదు.
ఆయన కూసున్నడు.
దిల్ బహదూర్ టిఫిన్ డబ్బ పక్కకు జరిపి కూసున్నడు.
ఇగ ఇసుక మీద చోటు చూసుకొని, చెప్పులు తలకింద పెట్టుకొని కొందరు,
రెండువందల పన్నెండు మంది.
జెండా లేదు, కేక లేదు.
డ్రైవర్లు హారన్లు కొట్టి కొట్టి
ఇంజన్లు బంద్ చేసిండ్రు.
అప్పుడు వినబడ్డది గాలి,
ఎవలో తస్బీ పూసలు జరుపుతున్న సప్పుడు.

పదింటికి మేనేజర్ వచ్చిండు.
"ముందుగాల కూసున్నదెవడు?
రాయి. వాడొక్కడు రేపటి విమానం ఎక్కుతడు,
మిగిలినోళ్లకు రెండు దినాల కోత."

పేరు. నంబరు. కోత. కారణం.
మా దిక్కు గడి అంటె దొర మేడ,
చెప్పులు చేతబట్టుకొని దాటేటోళ్లు దాని ముందటికెల్లి.
ఈడ గడి అంటె గోరంత చోటు,
స్కేలు పెట్టి నేనే గీసిన.
అండ్ల ఏం పడుతది?
మోకాలు పడుతదా, మాడిన రొట్టె పడుతదా,
నూట పద్నాలుగు పడుతదా?

"రాయి" అంటుండు ఎనుక నిలబడి.
కిటికీ అవతల పోశెట్టి మోకాలు ఒత్తుకుంటుండు,
పక్కోడు సీసా మూత తీసి ఆయనకు అందిస్తుండు.
నీలం పెన్ను ఎత్తిన.

తుమ్మొచ్చింది.

శకునం మంచిగ లేదు సార్,
జరసేపు ఆగుదాం, అని
పెన్ను కింద పెట్టిన.